పప్పులో కాలేసిన కోడలు

మా కోడలి చేతులకు తొందరెక్కువ. కాపురానికొచ్చిన కొత్తలో ఒకరోజు "అమ్మాయ్, ఆ తలుపు గడియ సరిగ్గా పడటం లేదు" అని నేనంటూ ఉండగానే గడియ ఊడదీసింది. నా మాట పూర్తయ్యేసరికి బిగించేసింది కూడా. ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో నా నోటికి జోడీ దొరికిందనుకున్నాను. నా నోరెంత వేగమో ఆమె చెయ్యీ అంత వేగం.

నేను చదివింది రెండో తరగతి. మూడో తరగతి పంతులు నన్ను తట్టుకోలేనన్నాడు. అందుకని నాకేమీ తెలీదనుకుంటే అది మీ ఖర్మ. మా వీధిగదిలో కోడలు కంప్యూటర్లు బాగుచేస్తుంది. నేను గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి కబుర్లు లాగుతాను. ఇన్నేళ్ళు విన్నాక గోడకైనా కాస్త పని వచ్చేస్తుంది.

ఎవరైనా "ఇది పాడైపోయిందమ్మా" అంటే కోడలు చప్పున ఒప్పుకోదు. "పాడైందో, అలిగిందో చూద్దాం" అంటుంది. పాడైతే ముక్క మార్చాలట, అలిగితే మాట మార్చాలట. కాపురాలకీ అదే వర్తిస్తుందని నేనంటే, మావాడు చెప్పులేసుకుని బయటికి పోతాడు.

మా తమ్ముడు బస్సు కండక్టరు. ముందు తలుపు దగ్గర వాడు కేకేస్తే వెనకసీట్లో గుర్రుపెట్టేవాడు కూడా లేచి టికెట్టు తీసుకునేవాడు. అలాంటి గొంతులో జబ్బు పుట్టింది. డాక్టర్లు కోసి ప్రాణం నిలబెట్టారు. మాట మాత్రం పోయింది. అప్పటినుంచీ బల్లమీద ఒక దెబ్బ కొడితే "ఆగు", రెండు కొడితే "పోనీ". బస్సు రేకుమీద కొట్టిన అలవాటు మరి.

కోడలు వాడికోసం ఒక పాత ల్యాప్‌టాప్ సిద్ధం చేసింది. వాడు టైపు చేస్తే అది పైకి చదువుతుంది. మొట్టమొదట వాడు దానిచేత పలికించిన మాటేమిటో తెలుసా? "అక్కా, ఇన్నాళ్ళూ నువ్వొక్కదానివే మాట్లాడావు. ఇక చాలు." నేను ఏడుస్తూనే వాణ్ణి నాలుగు తిట్టాను.

ఆ సంగతి డిపో మేనేజరు చెవినపడింది. మంచి మనిషే. "విచారణ కిటికీ దగ్గర కూర్చోబెడతాను. సోమవారం వచ్చి నా ముందు చేసి చూపించు. జనానికి జవాబు వినబడితే ఉద్యోగం నీది" అన్నాడు. వాడు వారం ముందునుంచే చొక్కా ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించుకున్నాడు.

ఆ పెట్టెకి ఒకటే జబ్బు. మాట్లాడకుండా ఉన్నప్పుడు సుయ్‌మని చిన్న రొద. కిటికీ దగ్గర అది బాగుండదని కోడలు ఒక పూట కూర్చుని రొద మాన్పించింది. టకటకా టైపు చేసి చూసుకుంది. చిలకలా పలికింది. తమ్ముడు సంబరంగా ఇంటికి పట్టుకెళ్ళాడు.

ఇంట్లో అది నోరు విప్పలేదు.

తిరిగి తెచ్చాడు. కోడలు ఆపి, మళ్ళీ వేసి, టైపు చేసింది. పలికింది. ఇంటికెళ్ళింది, మూగనోము పట్టింది. లోపలి చిట్టా తెరిచి చూస్తే "సౌండు పరికరం జవాబివ్వడం లేదు" అని ఉంది. అలాగైతే ముక్కే పోయుంటుందని స్పీకర్లు మార్చింది. తీగ మార్చింది. అలాంటిదే ఇంకో ల్యాప్‌టాప్ విప్పి దాని బోర్డు కూడా తెచ్చి దీనికి అమర్చింది. మా గదిలో పలుకు, వాడింట్లో మౌనం.

"మీ తమ్ముడి ఇంటి గాలి పడలేదేమో అత్తయ్యా" అంది, నవ్వు లేకుండా.

"వాడి పెళ్ళాం ముందు ఎవరికీ నోరు పెగలదులే" అన్నాను. ఆమె నవ్వలేదు.

శనివారం మధ్యాహ్నం తమ్ముడొచ్చాడు. ఇస్త్రీ చొక్కా మడతపెట్టి బీరువాలో పెట్టేశాడని వాడి భార్య అంతకుముందే నాకు ఫోనులో చెప్పింది. కోడలు వాణ్ణి చూడగానే టైపు చేయడం మొదలుపెట్టింది. "రండి బాబాయ్ గారూ, వినండి, బాగానే ఉంది, ఇదిగో" అని పెట్టె గలగలా పలుకుతూనే ఉంది.

తమ్ముడు బల్లమీద ఒక దెబ్బ కొట్టాడు.

ఆగు. చాలు. అదీ దాని అర్థం.

కోడలి చేతులు గాల్లోనే ఆగిపోయాయి. నేను కూడా ఏమీ అనలేదు, రాసి పెట్టుకోండి. కాసేపు గదిలో ఫ్యాను చప్పుడే. తర్వాత ఆమె ఏదో సర్దిచెప్పబోయి మళ్ళీ టైపు చేసింది. పెట్టె పలకలేదు.

"ఇప్పుడే కదా మాట్లాడింది!" అంది. నోరు తెరుచుకునే ఉంది. "బాబాయ్ గారూ, ఒక్కసారి మీరు టైపు చేయండి. మీకు అలవాటైనట్టే."

కంప్యూటరు ఆపి, మళ్ళీ వేసి వాడికిచ్చింది. వాడు ఒంటివేలితో, కండక్టరు సంచీలో చిల్లర వెతికినట్టు ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. పెట్టె మూగే. కోడలు తల పట్టుకుని కింద కూర్చుంది.

"పాడవలేదు అత్తయ్యా. నిద్రపోతోంది. నేనే నిద్రపొమ్మన్నాను."

రొద పోవాలని, పనిలేని క్షణంలో స్పీకరు భాగాన్ని పడుకోబెట్టమని కెర్నెల్‌కి చెప్పిందట. పడుకున్నది మళ్ళీ లేవడం లేదు. ఈమె చేతులు దాన్ని పడుకోనిస్తే కదా! మా తమ్ముడు ఒక అక్షరం వెతికేలోగా అది ముసుగుతన్నేది.

"కెర్నెల్ అంటే ఎవరే?"

"గింజలో పప్పుంటుంది చూడండి, అలాంటిది. మనకి తెరమీద కనిపించేదంతా పెంకు. స్పీకరుని లేపేదీ పడుకోబెట్టేదీ లోపలున్న ఆ పప్పే."

"అయితే నువ్వు పప్పులో కాలేశావన్నమాట!"

ఆమె ఒక్క క్షణం నా మొహం చూసి, కింద కూర్చున్నది కూర్చున్నట్టే పకపకా నవ్వింది. తమ్ముడికి నవ్వొచ్చినా చప్పుడు రాదు, భుజాలు ఊగాయి. తర్వాత ఆమె లేచి వాడి ఎదురుగా నిలబడి, "తప్పు నాదే బాబాయ్ గారూ. బోర్డుదీ కాదు, మీదీ కాదు" అంది. నా ఇంట్లో ఆ ముక్క అంత శుభ్రంగా అన్న మొదటి మనిషి ఆమే.

పప్పుకి చెప్పిన మాట వెనక్కి తీసుకుంది. ఇక పరీక్ష. ఎవరూ ముట్టుకోకూడదు, కాసేపు ఊరికే కూర్చోవాలి. కోడలు చేతులు కట్టుకుంది. నేను నోరు కట్టుకున్నాను. ఎవరి కష్టం ఎక్కువో మీరే చెప్పండి. అప్పుడు తమ్ముడు తీరిగ్గా, ఒంటివేలితో కొట్టాడు.

"రొద మళ్ళీ వచ్చింది," అంది పెట్టె. "ఉండనీ అమ్మాయ్. బస్సు ఇంజను లేకుండా నాకు మాట తోచదు."

సోమవారం నేను డిపోకెళ్ళాను. మేనేజరు వెనక నిలబడి చూస్తున్నాడు. కిటికీ లోపల ఇస్త్రీ చొక్కా, ముందు చిన్న వరస. కోడలు ఒక స్తంభం పక్కన, చేతులు వెనక్కి పెట్టుకుని. నేను వరసలో నిలబడి, నా వంతు రాగానే, "బాబూ, నా బస్సెప్పుడు?" అన్నాను.

వాడు తల ఎత్తలేదు. అక్షరం అక్షరం వెతుక్కున్నాడు. వెనకవాళ్ళు సణిగారు. రొద ఒక్కటే సుయ్‌మంటోంది.

"అక్కా, నువ్వు ఎక్కడికీ వెళ్ళవు. పక్కకి జరుగు, వెనక జనం ఉన్నారు."

వరసంతా గొల్లుమంది. మేనేజరు కూడా. స్తంభం దగ్గర కోడలు కళ్ళు తుడుచుకుంటోంది, ఈసారి మెల్లగా. లోపలినుంచి బల్లమీద రెండు దెబ్బలు వినిపించాయి.

రైట్ రైట్.