చావడి గోడ మీది కాగితం

కార్తీక మాసం, మంగళవారం, పగలు పది గంటలు. అరవైల నాటి మాట. ముత్తుకూరు దగ్గర మా పల్లెలో దండోరా వేసే పని నాది. మునసబు నోటితో చెబితేనే వేసేవాణ్ణి, అప్పట్లో నాకు చదువు రాదు.

తుఫాను వెళ్లిన వారానికి, తుఫాన్లలో జనం ఎందుకు చనిపోతారో పరిశోధించే లెక్చరరు గారొకరు వచ్చారు. చావడి గోడ మీది కాగితం చదివారు.

"తుఫానొస్తుందని ముందే రాసినారే. దండోరా వెయ్యలేదా?"

"మునసబు ఊళ్లో లేడు సార్. తాలూకా నుంచొచ్చింది, ఎలక్షను కాగితమనుకోని అంటించినా."

మా వదిన సుబ్బమ్మ పక్కనే ఉంది. నేను అది అంటించిన మర్నాడే అన్న సముద్రం మీద చేపల వేటకు వెళ్లాడు, తిరిగి రాలేదు.

"ఎవురిచేతన్నా చదివించుంటే మీ అన్న పోయుండడు గదా అబ్బయా," అంది.

లెక్చరరు గారు రాయడం ఆపేశారు.

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. నేను చదివుండాల్సిన కాగితం మాత్రం ఆ తుఫాను కాగితమే. ఆ మంగళవారం చావడి దగ్గర ఉన్నది లెక్చరరు గారు, వదిన, నేను. అన్న వెంకటేశు లేడు.