దుంకిన నీళ్లు

మొన్న ఉగాది దాటాక అటక మీది సామాను దింపి, ఒక్కొక్కదానికీ చీటీ రాసి సర్దుతుంటే ఎండిన సొరబుర్ర ఒకటి దొరికింది. బిరడా తీయగానే చేదు కలిసిన మట్టి వాసన ముక్కుకు తగిలింది. దాని మీద ఏ చీటీ అంటించాలో తోచక చాలాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

నాకప్పుడు పదేళ్లు. వరుసగా రెండేళ్లు మా జొన్న ఎండిపోయింది. మా అవ్వ, అంటే బాపును కన్న తల్లి, నల్లమలలోని మల్లెల తీర్థానికి మొక్కుకుంది. ఇంటి ఆడపిల్ల చేత్తో జలపాతం నీళ్లు తెప్పించి, వానలు మొదలయ్యే మిరుగు కార్తెలో తొలి విత్తనం మీద చల్లితే, మొగులు మీది నుంచి కూడా నీళ్లు అట్లాగే దూకుతాయని ఆమె నమ్మకం.

ఉగాది దాటిన వారంలో అవ్వ, బాపు, నేను బయలుదేరాం. శ్రీశైలం బస్సు దిగి ఎడ్లబండెక్కితే, రాలిన ఇప్పపూల మత్తు వాసన, చక్రాల కింద నలిగే టేకాకుల చప్పుడు, అడుగంటిన కుంటల ఒడ్డున దుప్పుల గిట్టల గుర్తులు, మూటలో జొన్నరొట్టె, చింతతొక్కు, దారిలో కోసుకున్న తునికి పండ్ల వగరు తీపి. తీర్థం పైన బండి ఆగింది. మోకాళ్ల నొప్పులతో అవ్వ దిగలేక ఒడ్డున ఎత్తైన బండ మీద కూర్చుంది.

"దుంకిన నీళ్లే పట్టాలె బిడ్డా. నిలిచిన నీళ్లు మనకొద్దు."

"మీదున్నవీ గవే నీళ్లు గదనే అమ్మా!" అని బాపు నవ్వాడు.

"నువ్వు వోయి తానం జెయ్‌రా. నీకేమెరుక?"

వేసవి కావడంతో ధార సన్నగా పడుతోంది. దాని కింద బుర్ర నింపుకుని, బాపు స్నానం ముగించేలోపే రాళ్లు పట్టుకుని పైకెక్కాను. చివరి రాయి మీద కాలు జారింది. నీళ్లన్నీ నా పావడా మీదే ఒలికిపోయాయి. మళ్లీ దిగితే నిర్వాకం అవ్వకు తెలుస్తుంది. పక్కనే, వాగు కిందికి దూకకముందు నిలిచే మడుగు ఉంది. అవ్వకూ నాకూ నడుమ వెదురుపొద అడ్డంగా ఉంది. మడుగులో బుర్ర ముంచేశాను.

అవ్వ బుర్రను చెంపకు ఆనించుకుంది. "మంచిగ తెచ్చినవ్ బిడ్డా. జర పావడ పిండుకో, తడిసింది."

బాపు కొనిచ్చిన రూళ్ల నోటుబుక్కులో ఆ సాయంత్రం నా మొదటి దినచర్య రాశాను: తీర్థం నీళ్లు తెచ్చాను. మిరుగు దాకా ఆ బుర్ర దూలానికి వేలాడుతుంటే, దాని కింద కూర్చుని అన్నం తినలేకపోయేదాన్ని. ఈసారి పంట ఎండితే అది నా వల్లే. అవ్వ ఆ నీళ్లనే విత్తనం మీద చల్లింది. వానలు పడ్డాయి, జొన్న నా ఎత్తు పెరిగింది. అయినా నేను అవ్వకు చెప్పలేదు. చెప్పకముందే ఆమె పోయింది.

పోయిన ఆదివారం మేనకోడలు సుజాత కారులో నన్ను, ఆ బుర్రతో సహా, తీర్థానికి తీసుకెళ్లింది. బండిబాట పోయి రోడ్డు వచ్చింది, రాళ్ల చోట సిమెంటు మెట్లు వచ్చాయి. నా మోకాళ్లు ఇప్పుడు అవ్వ మోకాళ్లు.

"అత్తమ్మా, నువ్వు గీడనే కూసో. బుర్ర నేను నింపుకొస్త. ఫొటో గూడ కావాల్నా?"

"దుంకినవే పట్టు" అన్నాను, నాకు తెలియకుండానే.

అవ్వ కూర్చున్న బండ మీదే కూర్చున్నాను. వెదురుపొద ఇప్పటికీ ఉంది. కానీ బండ దానికంటే ఎత్తు. పొద మీదుగా చూస్తే కింద మడుగు, అందులో చేతులు కడుక్కుంటున్న ఒక పాప, ఆ పాప చేతి గాజుల రంగుతో సహా కనిపించింది.

మా చేనులో ఇప్పుడు పత్తి వేస్తున్నారు. ఇంట్లో దాచిన జొన్న విత్తనం లేదు, దాని మీద చల్లే చేయీ లేదు. ఇంటికొచ్చి ఆ పాత నోటుబుక్కు తీశాను. రాసిన దినచర్యను దిద్దే అలవాటు నాకు ఎన్నడూ లేదు. ఆ మొదటి వాక్యాన్ని కొట్టేయకుండా, దాని కింద ఇంకొకటి రాశాను.

అవ్వ చూసింది.