హన్నెలోర అర్థం మోసుకుంటూ నారాయణపేటకు

పానగల్‌లో గడప కదలని నన్ను నారాయణపేట దాకా లాగింది ఒక పేరు. మా చెల్లెలి కూతురు పద్మ అక్కడ మగ్గాల ఇంటి కోడలు. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మూడోది నెలలు నిండకముందే పుట్టింది, దోసిట్లో పట్టేంత. నేత నేర్చుకోవడానికి వాళ్లింట్లో ఉంటున్న జర్మనీ ముసలమ్మ ఒకప్పుడు నర్సట. పద్మ లేవలేని రోజుల్లో దవాఖానలో ఆ బిడ్డను తన రొమ్ముకు ఆనించుకుని వెచ్చగా కాపాడి, తర్వాత తన దేశం వెళ్లిపోయింది. ఆమె పేరు హన్నెలోర. బిడ్డకు అదే పేరు కావాలని పద్మ పట్టు. చెవిలో పేరు చెప్పాల్సిన మేనత్తేమో, అర్థం తెలియనిదే నోరు విప్పనని కూర్చుంది. "నువ్వు బుక్కులు తిరగేస్తవు గద మామ, అర్థం పట్టుకొని రా. రేపు పగటాల్లకు, పన్నెండు కొట్టకముందే తొట్టెల ఏసి పేరు పెడ్తరు" అని పద్మ ఫోన్ చేసింది.

తెల్లవారకముందే నల్లగొండ చేరి, దేవరకొండ, కల్వకుర్తి మీదుగా పాలమూరు బస్సెక్కాను. మహబూబ్‌నగర్‌ను ఈ వైపు ఇప్పటికీ పాలమూరనే అంటారు. నాలుగు గంటలకు పైగా ప్రయాణం. కల్వకుర్తిలో ఆపితే పది రూపాయల చాయ్ తాగాను కానీ రుచి తెలియలేదు. నా దిగులు వేరే. ఆ పేరు రెండు పేర్ల అతుకు. మనం లక్ష్మినీ నర్సమ్మనూ కలిపి లక్ష్మీనర్సమ్మ అన్నట్టు, వాళ్లు హన్నెనూ లోరనూ కలిపారు. హన్నె అంటే యోహన్నా, పాత హీబ్రూ మాట, దేవుడు దయ చూపాడని అర్థం. ఇంతవరకు బాగుంది. లోర అనేది ఎలియనోర్‌కు ముద్దుపేరు. దాని పుట్టుక దగ్గరే పండితులు తలలు పట్టుకున్నారు. ఏనోర్ అనే తల్లి కూతురికి 'ఇంకో ఏనోర్' అని పెట్టుకుంటే అలా మారిందని ఒక కథ ఉంది. కాదు, అది తర్వాత అల్లిన కట్టుకథ అని ఇంకొకరు. సగం పేరుకు అర్థం లేకుండా ఆ మేనత్త ముందు ఎలా నిలబడను?

పాలమూరులో తొందర కొద్దీ రాయచూరు బస్సెక్కాను. మరికల్‌లో దిగి నారాయణపేట బస్సు పట్టుకుంటే సరిపోయేది. పక్క సీట్లోని పల్లికాయల మూట ఆవిడకు ఎలియనోర్ కథ చెబుతూ మరికల్ దాటించేశాను. "తాతా, మరికల్ ఎప్పుడో పోయింది. గంటసేపటి సంది కతలు చెప్తనే ఉన్నవు" అంది కండక్టరమ్మ. "మంచిగుండె తియ్, నడుమల ఆపకు" అని మూట ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మక్తల్‌లో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. షేర్ ఆటో నిండేదాకా కదలనన్నాడు డ్రైవర్. ఖాళీ సీట్ల కిరాయి కూడా నేనే ఇస్తానన్నాను. "అంత ఫికరేంది తాతా, ఎవలన్న దవాఖానల ఉన్నరా?" "లేదు బిడ్డా, తొట్టెల్ల ఉంది." అతను వెంటనే బండి తీశాడు.

మగ్గాల చప్పుడు ఆగిపోయిన ఇల్లు, అందరి కళ్లూ నా మీద. మేనత్త పెంటమ్మ, పద్మ భర్తకు అక్క, తొట్టెల తాడు పట్టుకుని నిలబడి ఉంది.

"చెప్పు పెద్దనాయిన, ఏమర్థం?"

"దేవుడు దయ చూపిండని."

పద్మ ముఖం వెలిగింది. పెంటమ్మది వాడింది.

"అయితే నేను చెప్ప. నాకంటే ముందు ముగ్గురు పోయిండ్రు పెద్దనాయిన. నన్ను పెంటకుప్ప మీద పండవెట్టి, పిడికెడు తవుడిచ్చి కొన్నట్టు తెచ్చుకున్నరు. ఎవ్వలకు పనికిరాని పేరు పెట్టిండ్రు, బతికిన. గీ పిల్లను దేవుని దయ అని పిలిస్తే, ఇచ్చినోనికి యాదికొచ్చి మల్ల అడుగుతడు."

పద్మ కొంగు నోట్లో కుక్కుకుంది. దారి పొడుగునా నేను భయపడింది తప్పుడు సగానికని అప్పుడు తెలిసింది.

"మరి మిగిలిన సగం?" అంది పెంటమ్మ.

"లోర. దానర్థం మాత్రం తెల్వదు బిడ్డా."

"నీకు తెల్వదా, ఎవ్వలకూ తెల్వదా?"

"ఎవ్వలకూ. పెద్ద పెద్దోళ్లు సుత కొట్లాడుకుంటున్నరు."

ఆమె బిడ్డ వైపు తిరిగింది. "అర్థం తెల్వనిదాన్ని యముడేమని పిలుస్తడు" అని వంగి, చెవిలో ముమ్మారు 'లోర' అంది. "హన్నెను బడిల రాయించుకోండ్రి. ఇంట్ల మాత్రం గిదే. పెద్దనాయిన, నువ్వు గా దయ సంగతి ఊరంత చెప్పకు."

అందుకే ఇన్నాళ్లు రాయలేదు. మొన్న లోర పాకుతూ గడప దాటిందని ఫోన్ వచ్చింది, పెంటమ్మే చేసింది. గండం గడిచింది, ఇక రాసుకొమ్మంది. అర్థాన్ని ఆస్తిలా దాచుకునే నాలాంటివాడికి, అర్థం లేకపోవడం కూడా ఒక బిడ్డకు కప్పే దుప్పటి కాగలదని ఈ వయసులో తెలిసింది. అయినా ఇది రాస్తూ, దయ అన్న మాట దగ్గర రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను.

మీరు చీరల కోసం నారాయణపేట వెళితే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మగ్గం పక్కన తొట్టెల కనిపిస్తే, బిడ్డ ముద్దుగా ఉందనకండి. పేరడగండి, చాలు. అర్థం అడగకండి.