అక్క రాయించుకున్న అగ్రిమెంటు

నా చిన్నప్పుడు సినిమా అంటే స్టూడియో వాళ్లదే రాజ్యం. మద్రాసులో వాళ్లకి సొంత ఫ్లోర్లు, సొంత కెమెరాలు, నెలజీతాల మీద సొంత నటులు, పాటగాళ్లు. మా కాకినాడ హాల్లో ఆడే బొమ్మ కూడా వాళ్లు పంపిందే. ఇదంతా నాకు చెప్పింది పక్కింటి అక్క. ఆవిడ ఐదేళ్లు ఒక స్టూడియోలో నెలజీతానికి ఉండి వచ్చింది. మరి ఒక్క సినిమాలోనూ కనబడలేదేం అని వీధంతా చెవులు కొరుక్కునేవారు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ స్టూడియో మనిషి ఒకాయన మా బళ్లో నా పాట విన్నాడు. మూడేళ్లకి అగ్రిమెంటు రాసుకుందాం, దసరా వెళ్లాక వస్తానని మా నాన్నతో చెప్పాడు. ఇంక నా కాళ్లు నేలమీద ఆనితే ఒట్టు. నాన్నా మురిసిపోయాడు. వద్దన్నది అక్కొక్కతే. ఆవిడకి కుళ్లని మా అమ్మ తేల్చేసింది. నేనూ అదే అనుకున్నాను, పాపిష్టిదాన్ని.

ఒకరోజు అక్క పిలిచి, చేతిలో కాజా పెట్టి, ఓ తెల్లకాగితం మీద సంతకం చెయ్యమంది. కొత్తగా నేర్చుకున్న గొలుసుకట్టు సంతకం చూపించుకోవాలని నాకూ సరదా. చేసేశాను. మర్నాడు చూద్దును కదా, దాని పైన రాసి ఉంది: దసరా వెళ్లేదాకా ఈ పిల్ల మా అరుగు మీద తప్ప ఎక్కడా పాడకూడదు, పాడించడం, మానడం నా ఇష్టం. నేను నవ్వాను. అక్క నవ్వలేదు. సంతకం చేశావుగా అంది, అంతే.

ఆ మధ్యాహ్నం బడిపిల్లలంతా రంగుకాగితాల విల్లంబులు పట్టుకుని, ఇంటింటా దసరా పద్యాలు పాడటానికి బయల్దేరారు. ఏటా ముందుండి పాడేదాన్ని నేనే. ఆ ఏడు అరుగు మీద కూర్చున్నాను. అక్క పాడమనలేదు, పొమ్మనలేదు. వాళ్లు మా వీధిలోకి వచ్చారు. నా పద్యం వేరే పిల్ల అందుకుంది, అదీ శ్రుతి తప్పి. అలా పాడుకుంటూ వీధి మలుపు తిరిగి వెళ్లిపోయారు. నాకు ఏడుపు ఆగలేదు.

అక్కా ఏడ్చింది. ఆ కాగితం చింపేసి, "నువ్వు ఒక్క పూట కూర్చున్నావే. నేను ఐదేళ్లు కూర్చున్నాను. వాళ్లు వేషం ఇవ్వలేదు, వేరే కంపెనీ పిలిస్తే పోనివ్వలేదు" అంది.

పరిగెత్తుకెళ్లి నాన్నకి చెప్పాను. దసరా వెళ్లాక ఆ మనిషి వస్తే నాన్న ఇదే సంగతి నిలదీశాడు. అది కంపెనీ రూలండీ అన్నాడాయన. నాన్న సంతకం పెట్టలేదు. నా పాట అక్కడితో ఆగిపోయినందుకు బెంగ లేదని అనను. ఉంది.

ఇప్పుడు గల్ఫ్‌లో, అజ్మాన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇళ్లల్లో పనికి కుదిరే మన గోదావరి పిల్లలు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు, మా మనవరాలిచేత చదివిస్తాను. మొన్న ఒకమ్మాయి, "కఫీల్ మంచోడంట అమ్మమ్మా, యల్లా, తొందరగా సంతకం పెట్టెయ్ అంటున్నారు ఆఫీసోళ్లు" అంది. కఫీల్ అంటే వీసా ఇప్పించే యజమాని, ఆయన వదిలితే తప్ప ఇంకోచోట పనికి పోలేరు. మంచివాడే కావచ్చు. ఆ పిల్లచేత నేను అడిగించింది ఒక్కటే. ఏం పని ఇస్తారని కాదు, ఇవ్వకపోతే వదులుతారా అని.