నేను నీళ్లు పోసిన సాలు

నా చిన్నప్పుడు నన్ను ఒకచోట కూర్చోబెట్టడం మా ఇంట్లో ఎవరి తరమూ కాలేదు. అన్నం తింటూ తింటూ రెండుసార్లు లేచి వాకిట్లోకి పోయొచ్చేదాన్ని. కాళ్లకు చక్రాలున్నాయని మా అమ్మ విసుక్కునేది. వానలు మొహం చాటేసిన ఆ ఏడు నాకున్న కాస్త కుదురూ పోయింది.

తాండూరుకు, పెద్దేముల్‌కు నడుమ ఉండేది మా ఊరు. నల్లరేగడిలో కంది చేను, దాన్ని ఆనుకొని ఎప్పుడో తవ్వి వదిలేసిన నాపరాళ్ల గని. మిరుగం కార్తె తొలివానకు విత్తనం వేశాం, మొలిచింది. ఆ తరువాత చెప్పుకోదగ్గ వాన లేదు. మా నాయన తాండూరులో బండలు కోసే పనికి కుదిరి వారానికోసారి వచ్చిపోయేవాడు. చేను చూసుకునేది మా తాతయ్య.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా సారు బడిలో ఎడారి పాఠం చెప్పారు. వానలు లేని చోటు ఎడారి అవుతుందన్న ఒక్క మాటే నా చెవిన పడింది. అక్కడ చెట్లు, జంతువులు ఎట్లా బతుకుతాయో కూడా ఆయన చెప్పే ఉంటారు. కానీ అప్పటికే నా మనసు బడి దాటి మా చేలోకి పరుగెత్తింది. ఊరు ఇసుకలో కలిసిపోతుందని, మా ఎద్దుల బదులు ఒంటెలు వస్తాయని ఏవేవో ఊహించుకొని తిండికి, నిద్రకు దూరమయ్యాను.

ఇక ఆగలేకపోయాను. బడికి పోయే ముందు, బడి నుంచి రాగానే, బావిలోంచి చిన్న బిందెతో నీళ్లు తోడి, బండిబాట పక్కనున్న మొదటి సాలు కంది మొక్కలకు చెంబుతో పోయడం మొదలుపెట్టాను. మొక్కకు కొన్ని నీళ్లు, అంతే. పక్క సాళ్ల మొక్కలు జానెడు ఎత్తుకే నిలిచిపోతే, నా సాలు మోకాలి దాకా పెరిగింది. ఎవరికీ చెప్పలేదు కానీ లోలోపల మహా గర్వంగా ఉండేది. మా తాతయ్య చూశాడో లేదో నాకు తెలియదు, ఏమీ అనలేదు.

కొన్నాళ్లకు బావి అడుగంటింది. ఆ మిగిలిన నీళ్లు తాగడానికేనని, చేన్లో చుక్క పొయ్యడానికి వీల్లేదని మా అమ్మ బిందె దాచేసింది. పది రోజులు తిరక్కుండానే నా సాలు పసుపు రంగుకు తిరిగి, ఆకులు రాల్చి, పుల్లలై నిలబడింది.

ఆ ఆదివారం మా నాయన బస్సు దిగి మిట్టమధ్యాహ్నం ఆ బాటనే నడిచి ఇంటికొచ్చాడు. చెప్పులు కూడా విడవకుండా గడపలో నిలబడి, "చేను ఆగమైంది. బాట పక్క సాలు జూస్తె తెలుస్తలేదా? మిగిలినవి గూడ ఆకులు ముడుసుకున్నయ్. మాపటికి గొర్రెల మంద తోలిస్త. రెండొద్దులల్ల అందరం కూలికి పుణె పోదం" అన్నాడు. గొర్రెలు పడితే కొమ్మలు కూడా మిగలవు. చేను పోతే ఊరు విడవాలి, నా బడి ఆగిపోవాలి. ఆయన అటు మందకాపరిని పిలవడానికి పోగానే నేను ఇటు చేనుకు పరుగెత్తాను.

గట్టు మీద కూర్చున్న మా తాతయ్యకు రొప్పుతూ అంతా చెప్పేశాను. ఆ సాలును నేనే తడిపానని, నేను తడిపిందే ముందు చచ్చిందని ఏడ్చాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "నాకెరుకే బిడ్డా" అని లేచి, "మన చేను ఎడారైతదా తాతా" అని నేను అడిగినదానికి, "ఎడారి సంగతి నాకు తెల్వది. జర గిటు రా" అంటూ పాత గనిలోకి దింపాడు.

గని తవ్వినప్పుడు మా చేని అంచు నిలువునా గోడలా కోసుకుపోయింది. ఆ మట్టి గోడలో కంది వేళ్లు సన్నటి తాళ్లలాగా దిగి ఉన్నాయి. పైన మొక్క జానెడే, కింద వేరు నా ఎత్తు దాటి ఇంకా పోతోంది. వేలు పెట్టి చూడమన్నాడు. అంత ఎండలోనూ లోపల మట్టి చల్లగా తగిలింది. "నీ సాలుకు పొద్దుకింత మాపుకింత పైనుంచే దొరికె. ఇగ కిందికెందుకు పోతది? గివాటికి ఎవలియ్యలే, అందుకే కిందికి పోయినయ్" అన్నాడు. ఆకులు ముడుచుకున్నది చావడానికి కాదని, ఎండ తగలకుండా అవి చేసుకునే ఏర్పాటని కూడా చెప్పాడు.

ఆ తరువాత గోడలో ఒక మట్టి గడ్డను గోటితో గీకి, అందులోంచి ఒక కప్పను తీసి నా అరచేతిలో పెట్టాడు. కళ్లు మూసుకొని, ఒంటికి మట్టి పట్టి, గులకరాయిలా ఉంది. చచ్చిపోయిందన్నాను. "సావలే. వానకోసం ఆగింది" అన్నాడు. చూస్తూ ఉండిపోయాను. నా జన్మలో అంతసేపు కదలకుండా నిలబడింది అదే మొదటిసారి. చాలాసేపటికి దాని గొంతు దగ్గర చర్మం ఒక్కసారి మెల్లగా ఎగిసి పడింది. ఆయన దాన్ని మళ్లీ అదే గూట్లో పెట్టి మట్టితో మూశాడు.

గొర్రెల మెడగంటలు వినపడ్డాయి. నాయనకు నువ్వే చెప్పాలన్నాడు మా తాతయ్య. తాను చెబితే, చేను మీద మమకారంతో ముసలాయన ఏదో అంటున్నాడనుకుంటాడని. గనిలోంచి పైకెక్కి, మందకు అడ్డంగా బాట మీద నిలబడ్డాను. "నాయినా, ఆ సాలు దానంతట అది ఎండలే. రోజు నీళ్లు వోసి నేనే చంపిన" అన్నాను.

మా నాయన చెయ్యెత్తాడు. కొడతాడనుకొని కళ్లు మూసుకున్నాను. ఆ చెయ్యి నన్ను పక్కకు జరిపి, నా సాలులోని ఒక మొక్కను పట్టి లాగింది. జానెడు వేరుతో సులువుగా ఊడి వచ్చింది. పక్క సాలులో లాగితే ఆయన అరచెయ్యి ఒరుసుకుపోయింది కానీ మొక్క కదలలేదు. గట్టు మీది గడ్డపారతో మోకాలి లోతు తవ్వి, అడుగు మట్టిని పిడికిట ముద్ద చేసి వాసన చూశాడు. అప్పటికి ఎండ చల్లబడి చుట్టూ కంది ఆకులు విచ్చుకుంటున్నాయి. "తమ్మీ, ఇయ్యాల వద్దు. మంద మళ్లియ్యి" అన్నాడు మందకాపరితో.

ఆ ఏడు మేము పుణె పోలేదు. ఆలస్యంగానైనా రెండు వానలు పడ్డాయి, చేను పసుపు పూత పూసింది, సగం పంట చేతికొచ్చింది. మరో కరువుకు పోవలసి వచ్చింది, అది వేరే సంగతి.

ఇంటికి నడుస్తున్నప్పుడు మా తాతయ్య మీద నాకు కోపం వచ్చింది. తెలిసి కూడా ముందే ఎందుకు ఆపలేదని నిలదీశాను. ఆయన చెప్పాడు. "నీకు తిండి లేదు, నిద్ర లేదు. నీళ్లు మోస్తె జర నిమ్మళమైతుంటివి. ఒక సాలు పోతె పోనీ అనుకున్న. గిట్ల మీదికొస్తదనుకోలే."

ఇప్పుడు వికారాబాద్‌లో మా డాబా మీద నా మనవరాలు కుండీలకు గంటకోసారి నీళ్లు పోస్తుంది. పిల్లకు నా కాళ్లే వచ్చాయి. మిగతా కుండీలు దాచి, ఒక్క కుండీ మాత్రం దాని చేతికి అందేటట్టు పెడతాను. ఆ మొక్క కుళ్లిపోతుందని తెలుసు, అయినా ఏమీ అనను. ప్రతి మొక్కా తిండిగింజతో సమానమైన ఆ కరువులో, నా గాబరా కోసం మా తాతయ్య ఏకంగా ఒక సాలునే వదులుకున్నాడు.