కోమల చెయ్యి తగిలిన సంచులు

శుక్రవారం పుంగనూరు బజారులో కోమల చప్పట్లు వినబడగానే అంగళ్లవాళ్లు తల వంచుతారు. కోమల ట్రాన్స్‌జెండర్. ఆమె చెయ్యి నెత్తిన పడితే వ్యాపారం కలిసొస్తుందని వాళ్ల నమ్మకం. కాలవ పక్కన ఆవు నమిలి మింగబోతున్న ప్లాస్టిక్ కవరును లాగబోయి మోచెయ్యి గీరుకుపోయిన రోజు నుంచి, ఆమె పాత చీరలతో సంచులు కుడుతోంది. దీవించిన ప్రతి అంగట్లోనూ నాలుగైదు ఇచ్చి, "కవర్లు మానేసి, వచ్చినోళ్లకు ఇవి ఇయ్యండప్పా" అంటుంది. అందరూ కళ్లకద్దుకుని తీసుకుంటారు.

మొన్న వెళ్లేసరికి ఈశ్వరప్ప అంగట్లో ఆ సంచులన్నీ దేవుడి పటం పక్కన వేలాడుతున్నాయి. వాటికి పసుపు, కుంకుమ, మల్లెపూలు. ఈశ్వరప్పేమో ఒక ముసలామెకు ఎర్రగడ్డలు తూచి, ప్లాస్టిక్ కవరు ఊది తెరుస్తున్నాడు.

"సంచులు యాల ఇయ్యలేదప్పా?"

"నీ చెయ్యి తగిలినవి గదమ్మా, ఎట్లా ఇచ్చేది? అవి వచ్చినప్పట్నించి యాపారం బాగుండాది."

చప్పట్లకు లేచిన కోమల చేతులు గాల్లోనే ఆగాయి. వీళ్లు తనకు మొక్కుతున్నారా, తన మాట తప్పించుకుంటున్నారా? ఆ చేతులతోనే బల్ల మీది కవర్ల కట్టను, ఈశ్వరప్ప చేతిలోని కవరును కూడా నెత్తిన చెయ్యి పెట్టినట్టే నిమిరింది.

"ఇంగ ఇవీ నా చెయ్యి తగిలినాయి" అంది.

ఈశ్వరప్ప కవర్లనూ పటాన్నీ మార్చి మార్చి చూశాడు. ముసలామె విసుగ్గా కొంగు చాపింది.

"మీరిద్దరూ తేల్చుకునేలోగా దీంట్లో పొయ్యప్పా."