మేడమీది హల్లెలూయ

ఆ రోజుల్లో తెలియని సంగతి ఒకటి ఎదురైతే నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు తెలియనివే ఎక్కువైపోయి హాయిగా నిద్రపోతున్నాను. ఎనభైల చివర్లో, సిడ్నీలో నర్సుగా చేరిన కొత్తలో, నన్ను పట్టి పీడించిన సందేహం దావీదు కీర్తనలది. చిన్నప్పుడు గుంటూరులో మా సండే స్కూల్ టీచరమ్మని "దావీదు ఏ రాగంలో పాడాడండీ?" అని అడిగితే, "ముందు నువ్వు శ్రుతిలో పాడవే తల్లీ!" అని తొడపాశం పెట్టింది. (ప్రశ్న మంచిదే, గొంతే మంచిది కాదు.) అందుకే నేను అద్దెకున్న ఇంటావిడ యూదురాలని తెలియగానే, కీర్తనల అసలు హక్కుదారులే దొరికారని సంబరపడిపోయాను. ఆ ఇంటినుంచి నేను పనిచేసే పారమట్టా ఆస్పత్రికి రైల్లో ఎంత దూరమైనా గది మాత్రం వదల్లేదు.

ఆవిడని మామ్మగారనే పిలిచేదాన్ని. శనివారం పొద్దున్నే సినగాగుకి, అంటే వాళ్ల ప్రార్థనా మందిరానికి, నడిచి వెళ్లేవారు. నన్నూ తీసుకెళ్లమని బతిమాలగా బతిమాలగా, "సరే, రా. కానీ నోరు తెరవకూడదు. మా అక్క పోయాక నా పక్కసీట్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు. పరువు తీశావంటే మళ్లీ తీసుకెళ్లను" అన్నారు. ఒట్టేశాను. ఆ రాగం అక్కడ వినకపోతే ఇంకెక్కడ వింటాను?

అక్కడ మగవాళ్లు కింద, ఆడవాళ్లు మేడమీద. మరీ పెందలాడే వెళ్లామేమో, మేడమీద మేమిద్దరమే. కింద కొందరు ముసలాయనలు తెల్లని శాలువాలు కప్పుకుని, ఎవరికి వారే గొణుక్కుంటూ ఊగుతున్నారు. మా చర్చిలో డోలకు మోగి, పాస్టరుగారు పల్లవి అందుకుంటే గాని ఆరాధన మొదలైనట్టు కాదు. అందుకని ఓపిగ్గా ఎదురుచూసి, చివరికి చెవిలో అడిగాను.

"మామ్మగారూ, కీర్తనలు ఎప్పుడు మొదలెడతారు?"

"మొదలెట్టి అరగంటైంది."

"మరి రాగం?"

"ఎవరి రాగం వాళ్లది."

నీరుగారిపోయాను. జాలిపడ్డారేమో, పుస్తకంలో ఇంగ్లిష్ వైపు వేలు పెట్టి చూపించారు. చివరి ఐదు కీర్తనలు, ఒక్కొక్కదానికీ మొదటా చివరా హల్లెలూయే. (వాయిద్యాలన్నీ వాయించమని చెప్పే ఆఖరి కీర్తనని వాయిద్యం ఒక్కటీ లేకుండా చదవడం ఇంకో వింత.)

సరిగ్గా అప్పుడే కిందనుంచి ఒకాయన "హల్లెలూయ" అన్నాడు. మా ఊళ్లో పాస్టరుగారు ఆ మాటన్నారంటే సంఘమంతా చెయ్యెత్తి అదే మాట తిరిగి అరవాలి, అరవనివాడు కునుకు తీస్తున్నట్టు లెక్క. నా చెయ్యి దానంతటదే లేచింది. "హల్లెలూయ!" అని మేడ అదిరేలా అరిచాను. కింద తలలన్నీ పైకి లేచాయి. మామ్మగారి మోచెయ్యి నా డొక్కలో దిగింది. ఇంక అననని కొంగు నోట్లో కుక్కుకున్నాను. కానీ ఎవరి వేగం వాళ్లది కదా, ఎడమ మూలనుంచి ఇంకొకాయన అన్నాడు. కొంగు జారింది, అరిచాను, మోచెయ్యి పడింది. తర్వాత కుడి పక్కనుంచి, ఆ తర్వాత స్తంభం వెనకనుంచి. ఐదు కీర్తనలూ అయ్యేసరికి నా డొక్కా ఆవిడ మోచెయ్యీ రెండూ అలిసిపోయాయి.

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆవిడ నాకంటే నాలుగడుగులు ముందే నడిచారు. రాగం సంగతి దేవుడెరుగు, ఆవిడ నమ్మకం పోగొట్టుకున్నందుకు ఏడుపొచ్చింది. గేటు దగ్గర ఉండబట్టలేక, "ఇంక తీసుకెళ్లరు కదండీ?" అన్నాను.

"మా అక్కా ఇంతే. పక్కన కూర్చుని జన్మంతా పొడిచాను, మారలేదు" అని మోచెయ్యి రుద్దుకున్నారు. "వచ్చేవారం నాకు ఎడమపక్క కూర్చో. ఈ చెయ్యి నొప్పెడుతోంది."

ఆ ధైర్యంతో దావీదు రాగం గురించి అడిగేశాను. "అది తెలిస్తే ఎవరి రాగం సరైనదని మాకు వారం వారం తగువులెందుకమ్మా?" అని నవ్వారు.

మామ్మగారు పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ మా తెలుగు సంఘంలో పాస్టరుగారు "హల్లెలూయ" అనగానే అందరికంటే ముందు అరిచేది నేనే. మా అమ్మాయి "మమ్, ప్లీజ్!" అంటుంది. ఆ పిల్లకి తెలియదు పాపం, అరిచిన మరుక్షణం వాళ్లమ్మ డొక్క బిగబట్టుకుని ఒక మోచెయ్యి కోసం ఎదురుచూస్తుందని.